అంచున పచ్చదారం

షేర్ ఆటోలో నడిమి సీటంటే భివండి నిజాంపురాలో ఎవరికైనా చిరాకే. అటు ఒకరి మోచేయి, ఇటు ఒకరి సంచి. గాలి రాదు, కాళ్ళు కదలవు. సాయమ్మ మాత్రం ఆ సీటు దొరక్కపోతే వచ్చిన ఆటోను వదిలేసి ఇంకోదాని కోసం నిలబడుతుంది. అటొక భుజం, ఇటొక భుజం తగులుతూ కాల్హేర్ దాకా పోవడం ఉంది చూశారూ, రోజు మొత్తంలో ఆమెకు మనుషుల నడుమ ఉన్నట్టనిపించేది ఆ కాసేపే. ఈ మాట ఎవరితోనన్నా అంటే నవ్వుతారు. అనడానికి ఎవరూ లేరు కాబట్టి ఆ ఇబ్బందీ లేదు.

కాల్హేర్‌లో దిగి, లారీలు లేపిన దుమ్ముకు ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకుని, వరసగా ఉన్న గోదాములు దాటి సముద్రపు పాయ ఖాడీ ఒడ్డుకు పోతే భూషణ్ శేట్ గోదాము వస్తుంది. వాళ్ళ నాయన సిద్ధిరాములు ఉన్నప్పుడు అందులో తాకాలు, అంటే గుడ్డ చుట్టలు, కప్పు దాకా పేర్చి ఉండేవి. ఆయన పోయాడు, మగ్గాలు తుక్కు కింద పోయాయి. ఇప్పుడు అందులో పాత ఫైబర్ బోట్లు ఉన్నాయి. రిసార్టులవాళ్ళూ చేపలవాళ్ళూ వదిలించుకున్న బోట్లను భూషణ్ తెప్పించి, కడిగించి, మెరిపించి అమ్ముతాడు. మగ్గాలవాడికి బోట్లేమిటని నవ్విన వాళ్ళు నవ్వారు. భివండిలో మగ్గాలవాడు మగ్గాలే నడపాలన్న రోజులు ఎప్పుడో అయిపోయాయి మరి.

సాయమ్మ చేతిది మెండింగ్ పని. మగ్గం మీంచి దిగిన గుడ్డలో పోగు తెగిన చోట, పేక తప్పిన చోట, ముడిపడిన చోట చిమటా పట్టకారుతో లాగి, సూదితో కొత్త పోగు నడిపి సరిచేయడం. మంచి మెండింగ్ అయితే అక్కడ మచ్చ ఉండేదని కన్ను పెట్టి వెతికినా కనబడదు. అయితే సిద్ధిరాములు ఖార్ఖానాలో ఒక కట్టడి ఉండేది. మచ్చ సరిచేసిన చోటికి సూటిగా, గుడ్డ అంచున ఒక రంగు దారం వేయాలి. కొనేవాడు అంచు మీద చేయి పెట్టి తడుముకుంటూ పోతే ఆ దారం తగులుతుంది. తగిలిన చోట విప్పి చూసుకుంటాడు, ఇష్టమైతే తీసుకుంటాడు, లేదంటే లేదు. మచ్చను ఎంతైనా మాయం చేయొచ్చు గానీ అక్కడొక మచ్చ ఉండేదన్న సంగతిని మాయం చేస్తే అది దొంగతనమే అనేవాడు ముసలాయన. ఒక్కో మెండింగామెకు ఒక్కో రంగు. సాయమ్మది ఎరుపు. ఆమె పక్కన కూర్చునే జమునది పచ్చ.

జమున సంగతి ఇప్పుడు వద్దులెండి. సాయమ్మే ఆ పేరు తలుచుకోవడం మానేసి ఏడాది దాటింది.

ఆ పొద్దున భూషణ్ గోదాము మూలకు పోయి టార్పాలిన్ లాగాడు. కింద తెల్లబోటు, పక్కన నీలిగీత. సాయమ్మ ఈ పనికి చేరక ముందునుంచీ అది ఆ మూలనే ముసుగేసుకుని ఉంది.

"అత్తా, దీనికి గిరాకీ వచ్చిండు. రేపు చూస్తరట. మచ్చ కనబడద్దు," అన్నాడు.

"నేనుండంగ మచ్చ ఎట్ల కనబడ్తది శేట్," అంది సాయమ్మ. అనడం కూడా చీర కొంగు నడుముకు దోపుకుంటూ, కొంచెం గీరగానే అంది. ఆ గీర ఒక్కటే ఆమెకు మిగిలిన ఆస్తి.

కడిగింది. నాచు గీకింది. చిన్న చిన్న నెర్రెల్లో పుట్టీ పెట్టి, ఆరాక పాలిష్ కాగితంతో రుద్ది, మైనం పట్టించింది. మధ్యాహ్నం బోటు వెనక పలక దగ్గరికి వచ్చేసరికి కుడి మూలన, పై అంచుకు కాస్త కింద, మేకుతో గీకినట్టు వంకరటింకర గీతలు కనబడ్డాయి. ఆమె ఒళ్ళు మండింది. బస్సు సీట్లమీద పేర్లు, ఆటోల వెనక పేర్లు, చర్చి గోడమీద కూడా పేర్లు! వీళ్ళ చేతులు పడిపోనూ, నీళ్ళమీద తిరిగే బోటును కూడా వదలరా?

"ఏం బుద్ధులో ఏందో," అని పైకే అనుకుని, పుట్టీని మెత్తగా కలిపి ఒక్కో గీతలోకీ వేలితో అదిమింది. రుద్దింది. చేయి పెట్టి చూసుకుంది. పాలమీద మీగడలా నున్నగా ఉంది. ఇక అలవాటు ఊరుకోదు కదా, జాకెట్టుకు గుచ్చుకున్న సూదిలోంచి ఎర్రదారం ముక్క తెంపి, ఇంకా పూర్తిగా ఆరని పుట్టీలో పైమూలన అదిమి, కొసను పై అంచుకున్న రబ్బరు పట్టీ కిందికి నెట్టింది. "అత్తా, ఇది గుడ్డ గాదు, దారాలు పెట్టకు," అని భూషణ్ ఇదివరకు రెండుమూడుసార్లు కసిరాడు. పట్టీ కింద ఉన్నదాన్ని ఎవరు చూడొచ్చారు!

మర్నాడు వచ్చిన గిరాకీ మల్లేశం. నిజాంపురాలో ఆయన్ను ఎరగనివాళ్ళు తక్కువ. ఎన్నో ఖార్ఖానాల్లో మగ్గాలు బాగుచేసిన మాస్టరు. వెంట తమ్ముడి కొడుకు వైభవ్ ఉన్నాడు, థానేలో బోట్లను పరీక్ష చేసే కంపెనీలో పని.

"బాగున్నవా సాయమ్మా? నువ్వు బోట్లకు గూడ మెండింగ్ జేస్తున్నవా?" అన్నాడు మల్లేశం నవ్వుతూ.

"ఏం జేస్తం అన్నా, గుడ్డ లేకపాయె. నీకు బోటెందుకు?"

"మా ఊరు డ్యాం కింద మునిగింది గదా. ఆ నీళ్ళు చూసెటందుకు జనం మస్తు వస్తున్నరట. ఇల్లుండె కాడ ఇల్లు లేదు, గా నీళ్ళమీద బోటన్న నడుపుకుంటె ఊర్లె ఉన్నట్టే ఉంటది." ఆయన బోటు చుట్టూ తిరుగుతూ సీట్లు చూశాడు. "మనుమరాండ్లు ఇప్పటిసందే కొట్లాడుకుంటున్నరు. పెద్దది ముందు కూసుంటదట. చిన్నది గిక్కడ, ఎనుక మూలకు."

ఆయన చూపించిన మూలను చూసి సాయమ్మ మురిసిపోయింది. నిన్న తాను అంతసేపు నున్నగా చేసిన మూల అదే. ఎవరో ఒక చిన్నపిల్ల వచ్చి దాన్ని ఆనుకుని కూర్చుంటుంది.

వైభవ్ మాత్రం సీట్లు చూడలేదు, ఇంజను చూడలేదు. నేరుగా ఆ వెనక మూలకే వచ్చి, వంగి చూసి, వేలితో రాసి, మళ్ళీ చూశాడు.

"భూషణన్నా, నంబర్ కిధర్ హై?"

భూషణ్ వచ్చి చూశాడు. మొహంలో రంగు మారిపోయింది. మెల్లగా సాయమ్మవైపు తిరిగాడు.

"గీతలా? నేనే నింపిన శేట్. ఎవడో పోరడు గీకిండు," అంది సాయమ్మ, శభాష్ అంటాడేమోనని ఇంకా ఆశగానే.

"అవి గీతలు కావు పెద్దమ్మా," అన్నాడు వైభవ్. కోపంగా అనలేదు, పైగా నవ్వాడు. "మనకు ఆధార్ నంబర్ ఎట్లనో బోటుకు గది గట్ల. మొదలు దేశం గుర్తు, తరవాత కట్టిన కంపెనీ గుర్తు, నడుమ ఈ బోటు వరస నంబర్, ఆఖరుకు ఏ నెల, ఏ సాల్‌ల పుట్టిందో. గది పట్టుకుని అడిగితె దీని కథ మొత్తం తెలుస్తది. ఎవలెవలు కొన్నరు, ఎక్కడ దెబ్బ తగిలింది, చోరీ మాలా, మునిగి లేసిందా, అన్నీ. నంబర్ లేకుంటె ఇది బోటు గాదు, ఖాలీ డబ్బా."

సాయమ్మకు చెవులు వేడెక్కాయి. నలుగురిలో చీర జారినా అంత సిగ్గుపడేది కాదేమో. చేతిలో గుడ్డను పిండుతూ నిలబడిపోయింది.

"ఇంకో నంబర్ లోపల దాస్తరు. ఏడ దాస్తరో కట్టినోళ్ళకే తెలుసు," వైభవ్ మల్లేశానికి చెబుతున్నాడు. "పైదాని మీద శక్ వస్తె నేల పలకలెత్తి దేవులాడుతం. ఇప్పుడు గంత లొల్లి ఎందుకు గని, ఈ పుట్టీ తీపియ్యుండ్రి. మళ్ళ కొత్తగ గీకద్దు, పాత గీతలే కనబడాలె. ఎల్లుండి వస్తం."

వాళ్ళు పోయాక భూషణ్ అరుస్తాడనుకుంది. అరవలేదు. "పైపైన తియ్యి అత్తా," అన్నాడు. "గీతలల్ల ఉన్నది తియ్యి, సాలు. లోపలికి పోకు." అదే మాట గేటు దాకా పోయి, వెనక్కొచ్చి ఇంకోసారి చెప్పాడు.

ఆ రాత్రి తన ఒంటిగది ఖోలీలో అన్నం సయించలేదు. ముప్పై ఏళ్ళ చేతిపనిలో మొదటిసారి, బాగుచేశాననుకుని పాడుచేసింది. పక్క ఖోలీలో టీవీ మాటలు గోడలోంచి వినబడుతుంటే, వాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నట్టు అనిపించి పక్కమీద అటూ ఇటూ దొర్లింది.

మూడో రోజు పొద్దున్నే మెండింగ్ సూది పట్టుకుని బోటు వెనక పీట వేసుకుని కూర్చుంది. ముందు తన ఎర్రదారం లాగేసింది, ఇక గట్టిపడిన పుట్టీని సూదిమొనతో పొడి పొడిగా రాల్చాలి. తప్పుడు పోగును గుడ్డలోంచి లాగినట్టే. తొందరపడితే పక్కది తెగుతుంది. ఒక్కో అక్షరం బయటికి వస్తోంది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు పేరుపేరునా రావు గానీ అంకెలొచ్చు. ఆఖరున ఉన్నవి నెలా, సంవత్సరమూ అన్నాడు కదా ఆ పిలగాడు. రాలిన పొడి ఊదుతూ వాటివైపు చూసింది. బోటుకు కూడా పుట్టిన నెల ఉంది. తన ఆధార్‌లో జనవరి ఒకటి అని వేశారు. ఆ వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ అదే వేశారు. తన నంబరు పట్టుకుని ఎవరైనా అడిగితే ఏం కథ బయటికి వస్తుంది? ప్రభుదాసు భార్య, ప్రభుదాసు లేడు, పిల్లలు లేరు, మెండింగ్ చేసేది. అంతే కదా. అసలు అడిగేదెవరు!

అలా ఆలోచిస్తూ ఉంటే సూది ఒక చోట లోపలికి దిగిపోయింది.

ఆమె ఉలిక్కిపడింది. అక్షరం పక్కన చిన్న పెచ్చు లేచి ఊడింది. ఊడిన చోట కింద తెలుపు వేరేగా ఉంది, కాస్త పసుపు తిరిగిన తెలుపు. అది పుట్టీయే. తాను పెట్టిన పుట్టీ కాదు. లోపలికి పోవద్దన్నాడు శేట్. పోవద్దన్న చోటికి పోకుండా ఉండే చేతులా అవి! ఇంకొంచెం రాల్చింది. కింద ఒక అంకె అంచు కనబడింది. మేకుతో గీకింది కాదు, అచ్చుపోసినట్టు తీరుగా ఉంది. ఆ అంకెను ఎవరో పుట్టీతో కప్పి, నున్నగా రుద్ది, రంగు కలిపి, ఆ పైన వంకరగా కొత్త నంబరు గీకారు.

కప్పిన చేయి మామూలు చేయి కాదు. అంచులు ఎక్కడా తేలలేదు. ఎంత పని! సాయమ్మకు ముందు కలిగింది మెచ్చుకోలు, అది దాచడం ఎందుకు. "అబ్బ, ఎవతిదో గాని చేయి," అనుకుంది. మరుక్షణం సూదిమొనకు ఏదో చిక్కుకుంది. లాగింది. దారం.

పచ్చదారం. రెండు పోగులు పురిపెట్టి, కొసన ఆవగింజంత ముడి.

ఆమె చేయి ఆగిపోయింది. అలా రెండు పోగులు పురిపెట్టి ముడివేసేది భివండి మొత్తంలో ఒక్క జమునే. మగ్గాల రొదలో మాట వినబడదు కాబట్టి, ఆ ఖార్ఖానాలో వాళ్ళిద్దరూ ఏళ్ళకేళ్ళు చేతులతోనే మాట్లాడుకున్నారు. ఐదు వేళ్ళు నోటికి చూపితే తిన్నవా అని. పిడికిలితో అరచేతిలో రెండుసార్లు కొడితే మగ్గం ఆపు, గుడ్డ పాడవుతోంది అని. జమునకు ఏం కూర వండిందో కూడా చేతులతోనే చెప్పడం వచ్చు. ఈ గోదాములో సాయమ్మకన్నా ముందు పని చేసింది జమునే. ఒకరోజునుంచి రాలేదు. "నిన్ను గూడ పెట్టుకుంటనంటె నీ చేయి మొరటన్నది అత్తా, నీతోని కలిసి చెయ్యనన్నది. అందుకే నిన్ను పిలిచి, ఆమెను పొమ్మన్న," అన్నాడు భూషణ్. తర్వాత బజార్లో ఎదురుపడితే జమున మొహం తిప్పుకుని పోయింది. అయితే నిజమేనన్నమాట అనుకుని సాయమ్మ కూడా తిప్పుకుంది. రెండు గల్లీల దూరంలో ఉండి, ఏడాదిగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

జమున ఈ నంబరును కప్పింది. కప్పి, తన దారం పెట్టింది. ఇక్కడ మచ్చ ఉందని చెప్పి పోయింది.

సాయమ్మ లేచి భూషణ్ దగ్గరికి వెళ్ళింది. అతను ఆఫీసు గదిలో ఫోను చూసుకుంటున్నాడు.

"శేట్, కింద ఇంకో నంబర్ ఉన్నది."

అతను తలెత్తలేదు. "లోపలికి పోకన్న గదా అత్తా."

అంతే. ఎవరో నిన్ను మోసం చేశారు శేట్ అని చెప్పడానికి నోటిదాకా తెచ్చుకున్న మాటలు అక్కడే నిలిచిపోయాయి. అతనికి తెలుసు. గీకిందీ అతనే.

"జమునతోని నువ్వే కప్పిపిచ్చినవా?"

"పాత సంగతులెందుకు? బోటు మంచిగున్నది. పలిగిన కాడ గట్టిగ పట్టీ ఏపిచ్చిన. మల్లేశం మామ దీన్ని సముద్రంల తిప్పుతడా ఏంది? డ్యాముల నిలువ నీళ్ళు." అతను ఫోను పక్కన పెట్టాడు. గొంతు మెత్తబడింది. "కూసో అత్తా. నిలవడ్డవేంది?"

ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. వడాపావ్ పొట్లం విప్పి ఆమె ముందుకు ఒకటి జరిపాడు, తానొకటి తీసుకున్నాడు. "జమునకు తలతిక్క. నువ్వు గట్ల కావు. నాయిన ఉన్నప్పటిసంది మా ఇంటి మనిషివి. నిజాంపుర నుంచి రోజు గా ఆటోలల్ల ఎందుకు నలుగుడు? ఎనుక రూమ్ సాఫ్ చేపిస్త, ఈడనే ఉండు. ఆదివారం మా బిడ్డ శ్రద్ధ పుట్టినరోజు. నువ్వు రావాలె. మా అమ్మ గూడ అడుగుతున్నది, సాయమ్మ ఎట్లున్నదిరా అని."

సాయమ్మ వడాపావ్ తింది. నమలుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, మిరపకాయ వల్ల అనుకోండి. ఎన్నాళ్ళయింది ఒక మనిషి ఎదురుగా కూర్చుని తిని! ఎన్నాళ్ళయింది ఒక ఇంటికి రమ్మని ఎవరైనా పిలిచి! ఆ పూట ఆమెకు నిజంగానే సంతోషమైంది. పాపకు ఏం తీసుకుపోవాలా అని కూడా ఆలోచించింది. ఆ సంతోషమే ఆమెకు సిగ్గుగా ఉంది, అయినా అది పోలేదు.

"పైనంబర్ ఉండనియ్యి. కిందిది మాత్రం కప్పు. నీ అసొంటి చేయి ఎవరికున్నది," అన్నాడు భూషణ్.

ఆమె పోయి పుట్టీ కలిపింది. అతను వెనకాలే వచ్చి నిలబడ్డాడు. పెచ్చు లేచిన చోట నింపింది, రంగు కలిపింది, పైనంబరు గీతలు మూసుకోకుండా సూదితో ఒక్కోటి తెరిచి ఉంచింది. అతనికి ఫోనొచ్చి గేటువైపు నడిచాడు. సాయమ్మ పచ్చదారం తీసింది. తన సూదిలోంచి ఎర్రదారం తెంపింది. రెండూ కలిపి పురిపెట్టింది. పుట్టీ ఇంకా తడిగానే ఉంది. మొదలును అందులో అదిమి, కొసను రబ్బరు పట్టీ కింది నుంచి కొంచెం బయటికే వదిలింది. ఇది అలవాటు, అంతకన్నా ఏం లేదని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటే నమ్మాలని ఏముంది?

నాలుగో రోజు మల్లేశం సంచిలో కొబ్బరికాయతో వచ్చాడు. కొనడం ఖాయమనుకున్నాడన్నమాట. వైభవ్ వంగి నంబరు చదివాడు, చేత్తో గీకే చిన్న కంపెనీలూ ఉంటాయన్నాడు, కాగితాలతో కలిపి చూశాడు, ఎవరికో ఫోన్ చేసి ఒక్కో అక్షరం చెప్పాడు.

"ఠీక్ హై పెదనాయినా. రికార్డ్ సాఫ్ ఉన్నది. ఎక్కడా దెబ్బ లేదు."

భూషణ్ ఊపిరి వదిలి, "నేను జెప్పలే మామా?" అన్నాడు. సాయమ్మ బకెట్ దగ్గర కూర్చుని గుడ్డలు పిండుతోంది. పిండిన గుడ్డనే మళ్ళీ పిండుతోంది.

మల్లేశం కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని, ముందునుంచి వెనక్కి బోటు పక్కన నడిచాడు. చూపు ఖాడీ వైపు ఉంది, ఎడమ అరచేయి మాత్రం అంచు మీద జారుతూ వస్తోంది. అది కావాలని చేసేది కాదు. గుడ్డల మధ్య బతికినవాడి చేయి ఏ అంచును చూసినా అలాగే పోతుంది. వెనక మూలకు వచ్చి ఆ చేయి ఆగింది.

ఆయన వంగాడు. రబ్బరు పట్టీ కిందనుంచి వేలాడుతున్న దారం కొసను వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఎరుపూ పచ్చా. తలెత్తి, భూషణ్ భుజం మీదుగా సాయమ్మవైపు చూశాడు. బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసి, అరచేయి తిప్పాడు. ఖార్ఖానాల్లో అందరికీ తెలిసిన సైగ. మచ్చా?

ఇప్పుడు తల దించుకుంటే చాలు. ఒక్కసారి తల దించి బకెట్లో చేయి పెడితే చాలు. వెనక గది తనది. ఆదివారం పుట్టినరోజు తనది. అత్తా అని పిలిచే గొంతు తనది. ఆమె తల దించాలనే అనుకుంది. కానీ కళ్ళు ఆ మూల దగ్గర ఆగిపోయాయి. చిన్నది గిక్కడ కూసుంటది అన్నాడు కదా ఆయన.

తడి చేతులు రెండూ పైకి లేచాయి. పిడికిలితో అరచేతిలో రెండుసార్లు కొట్టింది.

మగ్గం ఆపు.

భూషణ్ ఆ చప్పుడుకు వెనక్కి తిరిగి చూశాడు, అర్థం కాలేదు. మగ్గాల మధ్య పెరిగినా అద్దాల ఆఫీసు గది దాటి వచ్చినవాడు కాదు. మల్లేశం కొబ్బరికాయను నెమ్మదిగా సంచిలో వేసుకున్నాడు.

"వైభవ్, నేల పలకలెత్తు," అన్నాడు.

"ఎందుకు పెదనాయినా? సబ్ చెక్ కియా నా, అంత చూసిన గదా."

"ఎత్తమన్న గదరా."

"మామా, ఇంకేం జూస్తరు? అంత అయిపాయె గదా," అని భూషణ్ అడ్డం వచ్చాడు. మల్లేశం అతని మొహంలోకి కూడా చూడలేదు. దారాన్ని పట్టి మెల్లగా లాగాడు. దాంతోపాటు పుట్టీ పెచ్చూ వచ్చింది. కింద తీరైన అంకె అంచు బయటపడింది.

వైభవ్ పలకలెత్తాడు, బోర్లా పడుకుని టార్చి వేశాడు, చాలాసేపటికి వెనక సీటు కింద, పట్టీ వేసి అతికిన పెద్ద నెర్రె పక్కన దాచిన నంబరు దొరికింది. పైదానికీ దానికీ పొత్తే లేదు, పైది వేరే ఏదో మంచి బోటుది. మళ్ళీ ఫోన్ చేశాడు. వింటూ వింటూ కూర్చుండిపోయాడు.

"కొంకణ్‌ల బండరాయికి తగిలి నడుమకు పలిగిందట," అన్నాడు చివరికి. "టూరుకు వచ్చిన వాళ్ళల్ల కొందరు తిరిగి రాలేదు. ఎనుక కూసున్నోళ్ళు. ఈ బోటును నరికి తుక్కు జెయ్యుమని రాసిన్రట."

మల్లేశం రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. పోతూ పోతూ సాయమ్మ దగ్గర ఆగి, దారాన్ని ఆమె తడి చేతిలో పెట్టాడు.

"నీదే గదా?"

"ఎర్రది నాది అన్నా. పచ్చది జమునది."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. భూషణ్ ఇంకా బోటు పక్కనే నిలబడి ఉన్నాడు. తిడతాడని, బకెట్ తంతాడని ఎదురుచూసింది. అదైనా బాగుండేది.

"నువ్వు గూడనా అత్తా?" అన్నాడు.

ఆ ఒక్క మాటే. సాయమ్మ సూది జాకెట్టుకు గుచ్చుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచింది. రోడ్డుమీద మధ్యాహ్నపు ఎండ. వచ్చిన ఆటో దాదాపు ఖాళీగా ఉంది. ఏ సీటైనా ఒకటే అన్నట్టు అంచున కూర్చుంది. దారి పొడుగునా పక్కన గాలి తప్ప ఎవరూ లేరు. రేపటినుంచి ఎక్కడికి పోవాలో తెలియదు. ఆదివారం చర్చి అయ్యాక ఎటు పోవాలో అసలే తెలియదు. భయమేసింది ఆమెకు. మంచి పని చేస్తే భయం ఉండదని ఎవరన్నారో గానీ, వాళ్ళు ఒంటరిగా ఖోలీ తాళం తీసిన వాళ్ళు కాదు.

నిజాంపురాలో దిగి తన గల్లీలోకి తిరగలేదు. రెండు గల్లీల అవతలికి పోయింది.

జమున ఇంటికి ఎదురుగా ఇంకా నడుస్తున్న ఖార్ఖానా ఒకటి ఉంది. మగ్గాల రొదకు గోడలు అదురుతున్నాయి. జమున గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నీడ పడితే తలెత్తింది. మొహంలో ఏమీ లేదు, బజార్లో తిప్పుకున్న మొహమే.

సాయమ్మ నిలబడే మొదలుపెట్టింది. ఆటోలో వరస పెట్టుకున్న మాటలన్నీ చెప్పింది. "నీ చేయి మొరటన్నవని శేట్ జెప్పిండు జమునా, నేను నమ్మిన. గా బోటుమీద ఏం కప్పినవో నాకెరుక లేదు. నాకెరికై గూడ గా కొలువుకు పోయిననుకున్నవా నువ్వు? ఇగో, దొరికింది, ఇయ్యాల దొరికింది..." ఇంకా ఏమేమో చెప్పింది. మగ్గాల రొదలో తన మాట తనకే వినబడలేదు.

జమున చెవి దగ్గర చేయి పెట్టి ఊపింది. వినబడ్తలేదు.

సాయమ్మ గుప్పిట విప్పింది. పచ్చదారం ఎర్రదారంతో పురి తిరిగి, కొసన పుట్టీ పలుకుతో అరచేతిలో ఉంది. జమున దాన్నే చూసింది. చిక్కుడుకాయ తుంచే చేతులు ఆగిపోయాయి. కళ్ళు పైకెత్తి, కుడిచేతి ఐదు వేళ్ళూ దగ్గరికి చేర్చి నోటి దగ్గర పెట్టుకుంది.

తిన్నవా?

సాయమ్మ తల అడ్డంగా ఊపింది. ఊపడం మొదలుపెడితే ఆగలేదు.

జమున చిక్కుడుకాయల చాట ఒళ్ళోకి తీసుకుని గడపమీద ఒక పక్కకు జరిగింది. ఇరుకు గడప, ఇద్దరికి చాలదు. సాయమ్మ కూర్చుంది.